లప్పం పెట్టిన దవడ

"ఏయ్! ఏయ్! చెయ్యి తియ్యి! ముందుగాల దాని మీదికెల్లి చెయ్యి తియ్యి!"

కృష్ణకుమారి అరుపుకి కింద టీ కొట్టు దగ్గర నిలబడ్డ పిల్లలు కూడా తలెత్తి పైకి చూశారు. జువాలజీ ల్యాబులో పేపర్లు పరుచుకుని కూర్చున్న పెయింటరు బ్రష్ గాల్లోనే ఆపేశాడు. అతని ఒళ్లో, చంటిపిల్లను పడుకోబెట్టుకున్నట్టు, నీటిగుర్రం దవడ ఉంది. నిన్నటిదాకా అది చింతగింజ రంగులో నిగనిగలాడేది. ఇప్పుడు కొత్తగా కట్టిన ఇంటి గోడలా తెల్లగా ఉంది.

"ఏమైంది మేడం? ఇంగొక్క కోటు కొడితే అయిపాయె" అన్నాడు పెయింటరు, పనిలో ఏదో వంక దొరికిందనుకుని. "గుంతలు మస్తుగుండె. అన్నిట్ల లప్పం నింపిన. పండ్ల నడుమ సుత నింపి ఎమిరి పేపర్ కొట్టిన. చెయ్యి పెట్టి చూడుండ్రి ఎంత సాపుగుందో."

ఆమె అక్కడే చతికిలబడింది. దవడ పక్కన అడవిదున్న కొమ్ము మొదలు, గుర్రప్పళ్లు, అన్నీ పేపరు మీద వడియాల్లా ఎండుతున్నాయి. అన్నీ తెల్లగా ఉన్నాయి. నీటిగుర్రం పన్ను నమిలి నమిలి అరిగితే దాని మీద మారేడు దళం లాంటి గుర్తు పడుతుంది. ఆ గుర్తు చూసే ఆ దవడ ఎవరిదో ఆమె పోల్చుకున్నది. ఆ గుర్తులో లప్పం నింపి, బొటనవేలితో చదును చేశాడు మహానుభావుడు. వేలి ముద్ర కూడా కనిపిస్తున్నది.

"ఎవలు చెయ్యమన్నరు నిన్ను?"

"శ్రీకర్ సార్. బొక్కలంటే తెల్లగుండాలె, గివి పాచిపట్టినట్టున్నయ్, టీమొచ్చేలోపల జర మంచిగ చెయ్యి అన్నడు." అతని గొంతులో ఇప్పుడు భయం చేరింది. "ఖరాబైనయా మేడం?"

"ఇవి బొక్కలు కావు. బొక్కలే రాయి అయినయ్. గిది నీటిగుర్రం దవడ. ఎన్ని వేల ఏండ్లు ఇసుక కింద ఉంటెనో గా రంగొచ్చింది."

"నీటిగుర్రమా? మన కాడ?"

"ఉండె ఒకప్పుడు. కృష్ణ ఒడ్డు పొంట మందలు మందలు ఉండె. అడవిదున్నలు, గుర్రాలు. గిట్టలున్న జీవాలెన్నో. అన్ని పోయినయ్."

"అరెరె" అని నాలుక కరుచుకున్నాడు పెయింటరు. పక్కనున్న బట్ట అందుకుని, "తుడవాల్నా మరి?" అన్నాడు. వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. పచ్చి మీద తుడిస్తే ఉన్న కాస్త నునుపూ పోతుందని ఆమె భయం. అతని మీద అరవడానికి నోరు రాలేదు. గేటుకి కొట్టమంటే గేటుకి కొడతాడు, దవడకు కొట్టమంటే దవడకు కొడతాడు, వాడిదేం పోయింది!

ఇన్‌స్పెక్షన్ అంటే దిల్‌సుఖ్‌నగర్ కాలేజీల్లో పెళ్లికన్నా పెద్ద హడావుడి. పెళ్లికి షామియానా కిరాయికి తెచ్చినట్టే, టీమ్ వచ్చే వారం అన్నీ కిరాయికి వస్తాయి. మైక్రోస్కోపులు పక్క సందులోని కాలేజీ నుంచి వస్తాయి. లైబ్రరీ పుస్తకాలు ఆటో ట్రాలీలో వస్తాయి. ఆఖరికి లెక్చరర్లు కూడా ఎవరో వచ్చి కూర్చుంటారు, టీమ్ పోగానే లేచిపోతారు. పీజీ కోర్సు పర్మిషన్ కోసం ఈసారి ఆర్భాటం ఇంకా ఎక్కువైంది. ఆ మొత్తం కాలేజీలో కిరాయిది కానిది ఏదన్నా ఉందంటే ఈ పెట్టెడు శిలాజాలే. పిల్లలు చేత్తో తడిమితే తప్ప పాఠం ఎక్కదని కృష్ణకుమారి తన ఇంటి నుంచి మోసుకొచ్చి పెట్టుకున్నది. అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదని ఇప్పుడు అర్థమైంది.

శ్రీకర్ ఫోను చెవికి పెట్టుకునే వచ్చాడు. కాలేజీ ఆఫీసు వ్యవహారాలన్నీ అతనివే. "సూపర్ వచ్చింది కదా మేడమ్! ఇప్పుడు ల్యాబ్ ల్యాబ్‌లా ఉంది."

"సార్, ఇవి నావి. నేను ఇంటికి తీస్కపోత."

"ఎల్లుండి టీమ్ వస్తుంటే?"

"టీమొచ్చినా తీస్కపోత."

శ్రీకర్ నవ్వి, గోడకు ఆనించి ఉన్న కొత్త బోర్డు వైపు గడ్డంతో చూపించాడు. నీలం రంగు మీద బంగారు అక్షరాలు. 'చైర్మన్ శ్రీ చక్రపాణి గారి అరుదైన శిలాజ సేకరణ.'

"నన్నేం చేయమంటారు మేడమ్? వెళ్లి చైర్మన్ సార్‌నే అడగండి" అన్నాడతను, పాపం నిజంగానే జాలిపడుతూ.

*

చైర్మన్ ఆఫీసు ఎల్బీనగర్ బ్రాంచిలో ఉంటుంది. మధ్యాహ్నం క్లాసు మానేసి మెట్రో ఎక్కింది. చక్రపాణి గారు గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి, కోచింగ్ సెంటర్‌తో మొదలుపెట్టి, ఇప్పుడు నాలుగు బిల్డింగుల మీద తన బొమ్మ పెట్టించుకున్న మనిషి. కోపం ఎప్పుడూ రాదు. వచ్చినా అది ఎదుటివాళ్ల మేలు కోరి వచ్చినట్టే ఉంటుంది.

"రామ్మా, కూర్చో. మజ్జిగ తాగుతావా?"

"వద్దు సార్. నా శిలాజాలు సార్. దవడ, పండ్లు. అవి నావి."

"నీవి కాదని ఎవరన్నారమ్మా? నువ్వు మా మనిషివి కాదూ?"

"అట్ల కాద్సార్. నాకు దొరికినయ్. ఎమ్మెస్సీల ఉన్నప్పుడు మా నాయన ఇసుక లారీల పోతే, కృష్ణ ఒడ్డున..."

"మాదీ కృష్ణ ఒడ్డే" అన్నాడాయన మెత్తగా. "చిన్నప్పుడు ఇలాంటివి ఎన్ని చూశానో లెక్కలేదు. అప్పట్లో తెలియక వదిలేశాను. నాకు దొరకాల్సినవి నీకు దొరికాయి, అంతేగా తేడా?"

ఇదెక్కడి మాట! ఆయన మజ్జిగ గ్లాసు అడుగున మిగిలిన కరివేపాకు రెబ్బ తీసి సాసర్లో పెట్టాడు. వేళ్లు టిష్యూతో తుడుచుకున్నాడు.

"చూడమ్మా. నీ ఇంట్లో ఉంటే అది మంచం కింద పెట్టెలో ఉంటుంది. ఇక్కడ కొత్త క్యాంపస్ రిసెప్షన్లో అద్దాల పెట్టె చేయిస్తున్నాను. లైట్లు పెట్టిస్తాను. వందమంది చూస్తారు. నీకు కావలసిందీ అదేగా?"

"పేరు, సార్..."

"పేరుదేముందమ్మా! ఎల్లుండి ఇన్‌స్పెక్షన్‌కి ఎవరొస్తున్నారో తెలుసా? ప్రొఫెసర్ రాఘవేంద్ర గారు. శిలాజాల్లో ఆయనంతటివాడు లేడంటారు. ఆయన చూసి బాగుందంటే చాలు, కోర్సు మనకొచ్చినట్టే. అప్పుడు నీ పోస్టు సంగతీ చూద్దాం."

రాఘవేంద్ర పేరు వినగానే ఆమెకు మిగతా మాటలు వినపడలేదు. ఆయన రాసినవన్నీ చదువుకున్నది. దవడ ఫొటోలు పెట్టి ఎన్నోసార్లు మెయిల్ రాసింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆ మనిషి ఎల్లుండి తన ల్యాబుకే నడిచి వస్తున్నాడు.

*

మన్సూరాబాద్‌లో ఇంటికి వచ్చేసరికి బక్కయ్య గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నాడు. ఇంట్లో తండ్రీబిడ్డలిద్దరే ఉంటారు. ఇసుక లారీ తోలి తోలి మోకాళ్లు అరిగిపోయినా, వంట మాత్రం ఎవరికీ వదలడు.

"రంగేసిన్రా?" బిడ్డ చెప్పింది విని కత్తిపీట పక్కకి జరిపాడు బక్కయ్య. "గోడకేసినట్టు?"

"లప్పం సుత పెట్టిన్రు నాయనా."

"వాని చేతులు పాడుగాను! నేను లారీ ఆపకపోతే గది దొరుకునా నీకు? దాన్ని క్యాబిన్ల పెట్టుకొని, నా దుప్పట్ల చుట్టుకొని, గుంత ఒస్తే చాలు 'నాయనా, మెల్లగ, నాయనా, మెల్లగ' అంటివి. ఇసుక లారీల గుడ్లు ఎత్తుకపోయినట్టు నడిపిన!"

నవ్వబోయి ఏడ్చింది కృష్ణకుమారి. బక్కయ్య లేవలేక, కూర్చున్న చోటనే జరిగి ఆమె దగ్గరకొచ్చాడు. చిక్కుడు పసరు అంటిన చేతిని లుంగీకి తుడుచుకుని ఆమె తల మీద పెట్టాడు.

"ఒస్తున్నది పెద్దసారే గదా. ఇగ ఏడుపెందుకు? గాయన ముందర చెప్పు. దొరికింది నాకు, దొరికింది ఫలానా కాడ అని చెప్పు. పెద్దసారు చెయ్యి పెట్టి చూస్తే రంగుకింద ఏముందో తెల్వదా? గాయన మాట అన్నంక మీ చైర్మన్ సప్పుడు చేస్తడా?"

తండ్రి మాటలో తప్పేం కనిపించలేదు. ఆ రాత్రి ఆమె కడుపునిండా తిన్నది.

*

టీమ్ వచ్చింది. గులాబీ దండలు, శాలువాలు, బాదంపాలు అయ్యాక మెట్లెక్కి ల్యాబుకి వచ్చారు. ముందు చక్రపాణి, ఆయన పక్కన రాఘవేంద్ర, వెనక ఇద్దరు మెంబర్లు, వాళ్ల వెనక ఫొటోలు తీస్తూ శ్రీకర్. రాఘవేంద్ర సన్నగా, మృదువుగా ఉన్నాడు. శాలువా జారిపోతుంటే మాటిమాటికీ సర్దుకుంటున్నాడు. కృష్ణకుమారి చీర కొంగు నడుముకి చుట్టి, టేబుల్ పక్కనే నిలబడింది. చెప్పాల్సిన మాట పొద్దున్నించి నోట్లో నానుతున్నది.

"ఇది సార్, మా స్వగ్రామంలోది" అందుకున్నాడు చక్రపాణి. "కృష్ణ ఒడ్డు. చిన్నప్పుడు నేను ఈతకి వెళ్లినప్పుడు ఇసుకలో కాలికి తగిలింది. అప్పట్నించీ ప్రాణంలా దాచాను."

'ఈతకి' అట! ఇసుక లారీ ఎక్కడ, ఈత ఎక్కడ!

ఆమె నోరు తెరిచేలోపే రాఘవేంద్ర వంగి చూశాడు. కళ్లజోడు పైకి జరిపి, పంటి మీద గోటితో గీకాడు. గోటి వెంట తెల్లటి పొడి రాలింది. ఆ పొడిని బొటనవేలితో చూపుడువేలితో నలిపి చూశాడు. ఇంకో పంటి దగ్గర గీకాడు. అక్కడా పొడే. నిటారుగా నిలబడి చిన్నగా నవ్వాడు.

"చక్రపాణి గారూ, మిమ్మల్ని ఎవరో ఆటపట్టించారండీ. ఇది ప్లాస్టర్."

శ్రీకర్ ఫోను దించేశాడు.

"కాదు సార్, ఒరిజినల్... ఒరిజినలే సార్..." చక్రపాణి నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది. చప్పున తల తిప్పాడు. "కృష్ణకుమారీ! చెప్పమ్మా సార్‌కి!"

చెప్పొచ్చు. 'ఎత్తి చూడండి సార్, బరువు చూడండి' అంటే చాలు. ఆయన ఎత్తుతాడు. ఎత్తిన క్షణం తెలుస్తుంది. ఆ తర్వాత? ఆ తర్వాత చక్రపాణి గారి కాలికి తగిలిన దవడ అవుతుంది. పెద్దసారు ముద్ర పడుతుంది. ఎల్బీనగర్ రిసెప్షన్లో అద్దాల పెట్టెలో లైట్ల కింద కూర్చుంటుంది. 'ఆయనకు కాదు, నాకు దొరికింది' అని ఇంతమందిలో చైర్మన్ని అబద్ధాలకోరని అంటే, జీతగత్తె మాట ఎవరు నమ్ముతారు? కోర్సు పోతుందని అందరూ తన మీదే పడతారు. ఇవన్నీ ఆమె వరసగా ఆలోచించిందని కాదు. చక్రపాణి గారి మొహం చూసింది, ఆ మొహంలో మొట్టమొదటిసారి తన మీద ఆధారపడిన బెదురు చూసింది. అంతే, ఒళ్లు భగ్గుమన్నది.

"ప్లాస్టరే సార్" అన్నది. "నేను పోసిందే."

"మీరా!" రాఘవేంద్ర మొహం విప్పారింది. "భలే పోశారమ్మా. సైజు కూడా కరెక్ట్‌గా కుదిరింది. మా పిల్లలకు ఇంత ఓపిక ఎక్కడిది? రంగు ఒక్కటే కాస్త..." అని చెయ్యి ఊపి, శాలువా సర్దుకుని, తర్వాతి గదికి నడిచాడు. అందరూ ఆయన వెనకే కదిలారు. అడవిదున్న కొమ్మునీ గుర్రప్పళ్లనీ ఎవరూ చూడనే లేదు.

భోజనాలయ్యాక, టీమ్ కార్లు కదిలాక చక్రపాణి మళ్లీ పైకి వచ్చాడు. అన్ని మెట్లూ ఎక్కి వచ్చాడు, పాపం.

"ఇన్నేళ్లూ సున్నపు ముద్దని చూపించి ఒరిజినల్ అని నన్ను వెధవని చేశావా?" ఇప్పుడు కోపం వచ్చింది, తన కోసమే వచ్చింది. "నిన్నగాక మొన్న నా ముందు కూర్చుని ఎంత నాటకమాడావ్! ఇసుక లారీ అట, నాన్నట! నీలాంటి మోసగత్తెని నేను చూడలేదు. ఎత్తు ఆ చెత్త! ఎత్తుకుని ఇటు నుంచి ఇటే వెళ్లు. సోమవారం నుంచి రావద్దు."

కృష్ణకుమారి దవడను తన కొంగులో చుట్టింది. కొమ్ము మొదలు, పళ్లు ఏరి చాక్‌పీసుల డబ్బాలో వేసుకుంది. మోయలేక మోస్తూ మెట్లు దిగుతుంటే శ్రీకర్ ఎదురొచ్చాడు. ప్లాస్టర్ ఇంత బరువుంటుందా అని అతనికి అనుమానం వచ్చిందేమో, ఒక క్షణం చూశాడు. గేటు బయట ఆటో ఎక్కాక ఆమెకు నవ్వొచ్చింది. గడ్డిఅన్నారం సిగ్నల్ దాకా నవ్వింది. ఉద్యోగం పోయిన సంగతి ఆ తర్వాత గుర్తుకొచ్చింది.

"సారు చూసిండా?" అన్నాడు బక్కయ్య, ఆటో దిగుతుంటేనే.

"చూసిండు."

"ఏమన్నడు?"

"మన వస్తువు మన ఇంటికొచ్చింది గద నాయనా, ఇగ వదిలెయ్" అన్నది. దవడ చూసి మురిసిపోతున్న ముసలాయన అప్పటికి ఇంకేం అడగలేదు.

*

శనివారమంతా ఆ పని మీదే కూర్చున్నారు. థిన్నర్‌లో ముంచిన దూదితో ఆమె రంగు తీస్తున్నది. వెదురు పుల్ల చెక్కి బక్కయ్య పళ్ల సందుల్లో లప్పం గీకుతున్నాడు. పక్క వాటాలో ఉండే ఇంటి ఓనరు విజయశ్రీ రెండుసార్లు వచ్చి, ఆ వాసనకి ముక్కు మూసుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి ఒక వైపంతా మళ్లీ నల్లగా బయటపడింది. పంటి మీద దళం గుర్తు స్పష్టంగా కనిపించింది. ఎమిరి పేపరు అక్కడక్కడా గీతలు పెట్టింది గానీ ప్రాణం పోలేదు. దాన్ని చూస్తుంటే ఆమెకు ధైర్యం వచ్చింది. పోతే పోయింది ఉద్యోగం. సోమవారం దీన్ని దుప్పట్లో చుట్టుకుని పోయి రాఘవేంద్ర సార్ గది ముందు కూర్చుంటుంది. నిజం చెప్తుంది. తప్పయిందని చెప్తుంది. చేతిలో పెడితే ఆయనే చూసుకుంటాడు.

ఆదివారం పొద్దున ఫోను మోగింది.

"కృష్ణకుమారి గారేనా? రాఘవేంద్రనమ్మా. మీ నంబరు శ్రీకర్ ఇచ్చాడు. మీ నమూనా గురించే. రెండ్రోజులుగా దాని గురించే అందరికీ చెబుతున్నాను."

ఆమె లేచి నిలబడింది. "సార్! నేనే ఒద్దామనుకుంటున్న సార్. మీకొక మాట చెప్పాలె."

"నేనే పిలుస్తున్నానమ్మా. కాలేజీ లెక్చరర్లకి వర్క్‌షాపు పెడుతున్నాను. ప్లాస్టర్‌తో శిలాజ నమూనాలు ఎలా చేయాలో మీరు నేర్పాలి. చక్రపాణి గారితో కూడా మాట్లాడాను. మిమ్మల్ని తీసేశారటగా? ఇలాంటి మనిషిని వదులుకుంటారా అని కేకలేశాను. వెనక్కి తీసుకుంటారు, నాది పూచీ."

"సార్, అది ప్లాస్టర్ కాద్సార్." మాట గబగబా వచ్చేసింది. "అసలుదే. కృష్ణల నాకు దొరికింది. కాలేజోళ్లు పైన లప్పం పెట్టి రంగేసిన్రు. మీరు గీకింది గా లప్పమే. మీకు మెయిల్ సుత పెట్టిన సార్, ఫొటోలతోని, శానసార్లు."

ఆయన గొంతు ఇంకా మెత్తబడింది.

"అమ్మా. నేను గీకి చూశాను. అందరిముందూ మీరే పోశానన్నారు. నేను రిపోర్టులో రాసి సంతకం పెట్టాను, అది వెళ్లిపోయింది కూడా. ఇప్పుడు కాదంటే నలుగురూ ఏమనుకుంటారు? మీ మాటా పోతుంది, నా మాటా పోతుంది."

"ఒక్కసారి చేతిల పట్టుకొని చూడుండ్రి సార్. బరువు చూస్తే..."

"చేతిలో ఇంత మంచి పని ఉంది మీకు. దానికి అబద్ధం ఎందుకమ్మా?"

అంత ప్రేమగా ఆమెను ఇన్నేళ్లలో ఎవరూ మందలించలేదు.

"ఒక ఫొటో పంపండి" అన్నాడాయన, ఆమెను ఓదార్చడానికన్నట్టు. "వర్క్‌షాపు పోస్టరు మీద వేయిస్తాను."

ఫోను పెట్టేశాక ఆమె దవడను వాకిట్లోకి తెచ్చి, రంగు పోయిన వైపు ఎండకు తిప్పి పెట్టింది. పన్ను దగ్గరగా ఒకటి, మొత్తం కనపడేలా ఒకటి ఫొటోలు తీసింది. నల్లటి పంటి మీద వెలుగు పడి దళం గుర్తు ఒక్కో గీతా లెక్కపెట్టేలా వచ్చింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? జన్మంతా ఇవే చూసిన కళ్లాయనవి. చూస్తే తెలియకుండా పోతుందా? పంపించింది.

కింద నీలం టిక్కులు పడ్డాయి. ఆయన చూస్తున్నాడు.

'అద్భుతం అమ్మా' అని వచ్చింది. వెంటనే ఇంకోటి. 'మొన్న తెలుపు రంగే లోపం అనుకున్నాను. ఇప్పుడు రంగు కూడా అచ్చంగా కుదిరింది. ఏం కలర్ వాడారు?'

బక్కయ్య లోపల్నించి గోడ పట్టుకుని నడిచి వచ్చాడు. "ఎవలు బిడ్డా ఫోను? పెద్దసారేనా?"

"ఆఁ."

"చూసిండా మల్ల? మంచిగ చూసిండా?"

"చూసిండు నాయనా."

"ఏమంటడు?"

ఆమె ఫోనుని బోర్లా పెట్టి, దవడ ముందు కూర్చుని, మిగిలిన వైపు మీద దూది పెట్టి రుద్దడం మొదలుపెట్టింది.

"శాన మంచిగున్నదన్నడు."

"నేను చెప్పలే!" బక్కయ్య మొహం వెలిగిపోయింది. "నేను చెప్పలేనా నీకు, పెద్దసారు చూస్తే తెలుస్తదని!" మోకాళ్ల నొప్పి మరిచి మెట్టు దిగాడు. "విజయశ్రీ మేడం! ఓ మేడం! ఇటు రాండ్రి, మా బిడ్డకు దొరికింది చూద్దురు!" అని కేకేస్తూ పక్క వాటా తలుపు కొట్టడానికి పోయాడు.